కలవకూడని రెండు గొంతులు

పోట్లాడుకునేవాళ్లను వంటింట్లో పక్కపక్కన కూర్చోబెట్టొద్దని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకూ చెప్పాను. అక్కడ కత్తులుంటాయి, కాగే నూనె ఉంటుంది, అన్నిటికంటే ముందు నోళ్లుంటాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ నియమం నేను ఒక్కసారే తప్పాను. అదీ వంట కోసం కాదు, పాట కోసం. నాకు పాట రాదు. ఇది చదివితే మీకూ రాదు. కానీ పదిమందితో పని చేయించే రోజు మీకూ ఎప్పుడో వస్తుంది కదా, అందుకని రాస్తున్నాను.

కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంటింటి బాధ్యత నాది. బడి మొహం చూసింది కొద్దిరోజులే అయినా ఎంతమందికి ఎంత బియ్యం పడుతుందో నన్నెవరూ మోసం చేయలేకపోయారు. మా వంటింట్లో ఉల్లిపొట్టు కూడా మొక్కల మొదట్లోకి పోయేది గానీ చెత్తబండిలోకి పోయేది కాదు. పనికి వచ్చిన ఆడవాళ్లు ఫోన్లు తెచ్చి బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టాలి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడే తీసుకోవాలి. నన్ను వెనకాల ఏమనుకునేవారో నాకు తెలుసు. అనుకోనిచ్చాను. అనుకుంటూ కూడా పని చేశారు.

నేను పని మానేసే ముందటి సంవత్సరం, కొత్త యంత్రం బిగించడానికి బల్గేరియా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. భార్యను వెంట తెచ్చుకున్నాడు. బల్గేరియా ఎక్కడుందని మేనేజరు సార్‌ను అడిగితే "టర్కీ పక్కకే అమ్మా" అన్నాడు. టర్కీ పేరు పాతబస్తీలో వినని వాళ్లు లేరు కాబట్టి అంతటితో సరిపోయింది.

ఆ మేడమ్ వచ్చిన కొద్దిరోజులకే నా వంటింట్లో అడుగుపెట్టింది. గెస్టులు లోపలికి రాకూడదు. ఆమె మాత్రం పెరుగు గిన్నె పట్టుకుని నేరుగా వచ్చి, నా ముందు పెట్టి, "నహీ" అంది. నా పెరుగుకు వంక పెట్టిన మొదటి మనిషి ఆమె. నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. పాలు కాచి, చిటికెన వేలు ముంచి చూసి, తోడు వేసి, తన ఉన్ని శాలువాలో గిన్నెను పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి మూలన పెట్టింది. తెల్లారి ఆ పెరుగును చాకుతో కోయొచ్చు. బాగుందని నేను అనలేదు. ఆ రోజు నుంచి నా గిన్నెకు కూడా పాత దుప్పటి చుట్టడం మొదలుపెట్టాను.

పగలంతా ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని గీతల కాగితం మీద చుక్కలు పెట్టేది. స్వెట్టర్ అల్లిక నమూనా అనుకున్నాను. మేనేజరు సార్ నవ్వాడు.

"అల్లిక కాదమ్మా. వాళ్ల దేశంల ఈమె పెద్ద కంపోజర్. పాట కట్టి రాస్తది."

"సినిమాలకా?"

"సినిమాలకు కాదు. పెద్ద పెద్ద హాళ్లల్ల మంది సప్పుడు చెయ్యకుంట కూసొని వింటరు సూడు, గా పాట."

"మరి ఎవరు పాడుతున్నరు ఈమె రాసింది?"

ఆయన నవ్వు ఆపి చెప్పాడు. "ఇప్పుడైతే ఎవ్వరు పాడుతలేరమ్మా."

తర్వాత తర్వాత ఆమె తన కథ ముక్కముక్కలుగా నాకే చెప్పింది, బజారులో నేర్చుకున్న వచ్చీరాని హిందీలో. కొండల్లో ఊరు. గోధుమ కోతల్లో నాయనమ్మా, ఆమె చెల్లెలూ పాడుతుంటే పక్కన కూర్చుని పెరిగింది. గొంతు బాగుందని రాజధానిలో సంగీతం కాలేజీకి పంపారు. అక్కడి పంతులు ఊరి వాసన పోయేదాకా ఆమె రాతను దిద్దాడట. నునుపుగా రాయడం నేర్చుకుంది. రేడియో వాళ్ల గాయకబృందం ఆమె పాటలు పాడింది, పేరొచ్చింది. తర్వాత ప్రభుత్వాలు మారాయి, బృందాలు మూతపడ్డాయి. భర్త ఉద్యోగం ఏ దేశం పోతే ఆ దేశం పోయి, ఎవరి వంటింటి పక్కనో కూర్చుని రాస్తూనే ఉంది. పంతులు దిద్ది తీసేసిన ఊరి వాసన కోసమే ఇప్పుడు రాస్తున్నానని చెప్పింది. వయసు యాభై దాటింది. చాలా ఏళ్లుగా ఆమె రాసిన పాట ఒక్కటి కూడా ఎవరి నోటా పలకలేదు.

ఇక మా వంటింటి తోడికోడళ్ల సంగతి. ఇద్దరూ నా దగ్గరే పని చేసేవారు. లాల్‌దర్వాజ వైపు ఒకే ఇంట్లో రెండు వాటాల్లో కాపురం. ఇద్దరికీ మాటల్లేవు. అత్త మంచంలో ఉండగా పెద్దామె మేక కాళ్ల పాయ వండి తాగించిందట. ఆ రాత్రే ముసలామె పోయింది. వయసైపోయి పోయింది. కానీ చావింట్లో అందరి ముందూ చిన్నామె నోరు జారింది. "నీ ఉప్పే ముసల్దాన్ని తీస్కపోయింది" అంది. అంతే. అప్పటి నుంచి ఒకరి గిన్నెలోది ఒకరు ముట్టలేదు. మా వంటింట్లో పెద్దామెకు రొట్టెల పని, చిన్నామెకు కూరల పని ఇచ్చాను. ఎవరైనా "ఉప్పు" అని గట్టిగా అంటే చాలు, ఇద్దరూ ఒకేసారి తల తిప్పేవారు. అందుకని ఉప్పు చూసే పని నేనే పెట్టుకున్నాను.

మధ్యాహ్నం వెనక వరండాలో బియ్యం ఏరేటప్పుడు పాటలు పాడుకోనిచ్చేదాన్ని. నోరు పాటలో ఉంటే చాడీలు తగ్గుతాయి. బతుకమ్మ దగ్గర పడ్డ రోజులు. పెద్దామె వరండా ఆ చివర పాట ఎత్తుకుంది. చిన్నామె ఈ చివర అటు వీపు పెట్టి కూర్చుని, అదే పాటను కావాలని ఒక మెట్టు పైన పట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు. మిగతావాళ్లు ఎటు పోవాలో తెలియక సగం అటు, సగం ఇటు. హార్మోనియంలో పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి నొక్కి పట్టుకుంటే ఎట్లుంటుంది, అట్లుంది. నా పళ్లు జివ్వుమన్నాయి.

మేడమ్ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. లొల్లికి తిడుతుందనుకుని నేను లేచాను. ఆడవాళ్లు ఠక్కున ఆగిపోయారు.

"నహీ! బంద్ నహీ! ఫిర్ సే, ఫిర్ సే!" అంటూ ఆమె బియ్యం సంచి మీద కూలబడింది.

ఆమె నాయనమ్మా, ఆ చెల్లెలూ అచ్చం ఇట్లాగే పాడేవారట. ఒకరు ఒకే సుతి మీద రాయిలా కదలకుండా ఉంటారు. ఇంకొకరు చుట్టూ తిరిగి వచ్చి దాని పక్కనే, గోడకు గోడ ఆనించినట్టు, నిలబడతారు. కలవరు. ఆ రెండూ ఒకదానికొకటి రాసుకున్నప్పుడు గాలిలో గంట మోగినట్టు ఇంకో శబ్దం పుడుతుందట. వాళ్ల ఊళ్లో అదే మంచి పాటకు గుర్తు. మేనేజరు సార్ ఇదంతా తెలుగు చేసి చెబుతూ తానే నమ్మలేకపోయాడు.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. వాళ్ల దేశంలో ఉన్న ఒక్క పెద్ద బృందం ఆమె కొత్త పాటను కాగితం మీద మెచ్చుకుంది గానీ, పాడి చూస్తే ఏమీ లేదందట. పాడేవాళ్లు అలవాటు కొద్దీ సున్నితంగా ఒకరితో ఒకరు కలిసిపోతున్నారు. ఇది ఎట్లా మోగాలో మాకు వినిపించండి, బాగుంటే ఈ ఏడు కచేరీల్లో పెడతాం, లేకపోతే ఇంకొకరి పాట పెట్టుకుంటాం అన్నారు. ఆమె భర్త పని నెలాఖరుకు అయిపోతుంది. ఆ లోపల పాట రికార్డై పోవాలి. మా వరండాలో కూర్చున్న ఆడవాళ్లే పాడాలని ఆమె పట్టుపట్టింది.

మేనేజరు సార్ నా వైపు చూపించాడు. "అమ్మ ఒప్పుకుంటేనే."

నేను ఒక్కటే షరతు పెట్టాను. "పాడుకోండ్రి. చేతులు మాత్రం ఆగొద్దు."

బియ్యం ఏరితే చేటల చప్పుడు. అందుకని వెల్లుల్లి ఒలవడం పెట్టాను. ఆ నెలంతా గెస్ట్‌హౌస్‌లో వెల్లుల్లి కారం లేని పూట లేదు. వచ్చిన ఆఫీసర్లకు నోరు విప్పి మాట్లాడుకునే ధైర్యం లేకుండా పోయింది.

అప్పుడే నా నియమం తప్పాను. తోడికోడళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టమని మేడమ్ అడిగింది.

"గామె పక్కన నేను కూసోను పెద్దమ్మా" అంది చిన్నామె నాతో.

"నేను కూసొమ్మంటున్న."

"కూసుంట. గాని గామె వెంట మాత్రం పోను. ముందే చెప్తున్న."

పెద్దామె వెల్లుల్లి పాయ విరుస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది, "ఎవలు రమ్మన్నరమ్మా నా ఎన్క? చిన్నతనం పెద్దతనం లేనోళ్లు రాకుంటేనే మంచిది."

ఇది తెలుగు చేయమని మేడమ్ అడిగింది. సార్ చేశాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

మేడమ్ ముక్కముక్కగా పాడి వినిపిస్తే మావాళ్లు చెవితోనే పాట పట్టుకున్నారు. మిగతావాళ్లను అదుపులో పెట్టడమే కష్టమైంది. మన దగ్గర పాటంటే ఒకరు చెబితే అందరూ అందుకోవడం. పక్కదాని గొంతు వేరుగా వినిపిస్తే, పాపం తప్పిపోయినట్టుందని మనమే జరిగి కలుపుకుంటాం. అది మర్యాద. ఆ మర్యాదే మేడమ్ పాటను చంపుతుంది. "దో ఆవాజ్! ఏక్ నహీ!" అని రెండు వేళ్లు చూపించి అరిచేది. పైగా వాళ్ల దేశంలో ఔనంటే తల అడ్డంగా ఊపుతారట. మావాళ్లు సరిగ్గా పాడినప్పుడల్లా ఆమె అడ్డంగా ఊపేది, వాళ్లు తప్పనుకుని ఆపేసేవారు. తల ఊపొద్దు, చెయ్యి ఎత్తమని చివరికి నేనే చెప్పాను. మేడమ్ విన్నది.

కానీ తోడికోడళ్లు ఉన్నారు చూడండి, వాళ్లను దిద్దే అవసరమే రాలేదు. పెద్దామె కదలని సుతి. చిన్నామె చుట్టూ తిరిగి వచ్చి దాని నెత్తి మీద కూర్చునే సుతి. ఒకరంటే ఒకరికి ఉన్న మంట వల్ల ఇద్దరూ వెంట్రుకవాసి జరిగేవారు కాదు. వాళ్ల గొంతులు రాసుకుంటే నిజంగానే గంట మోగేది. నాకు కూడా వినిపించింది. ఆ రెండిటి చుట్టూ మిగతావాళ్లు నిలదొక్కుకున్నారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడి, ఎవరి వేళ్లు ఆగాయో చూస్తూ, వద్దన్నా ఆ పాటంతా చెవిలోకి ఎక్కించుకున్నాను.

రికార్డింగ్ వారం ఉందనగా చిన్నామె కూతురికి నొప్పులొచ్చాయి. మొదటి కాన్పు. కష్టమైంది. దవాఖానలో చిన్నామె ఒక్కతే ఏడుస్తూ కూర్చుంటే, పెద్దామె క్యారియర్ పట్టుకుని వెళ్లిందట. ఎవరూ పిలవలేదు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడేదాకా అక్కడి నుంచి కదల్లేదు. తర్వాతి రోజు ఇద్దరూ ఒకే ఆటో దిగి పనికి వచ్చారు. వంటింట్లో అందరం చూస్తూ నిలబడిపోయాం.

"ఏంది పెద్దమ్మా గట్ల చూస్తవు?" అంది పెద్దామె. "మనుమరాలు పుట్టింది మాకు."

నేను చక్కెర తీయించి అందరి నోళ్లూ తీపి చేశాను. నేను చక్కెర డబ్బా నా చేత్తో తీశానంటే ఎంత సంతోషమో అర్థం చేసుకోండి.

ఆ వారమంతా దవాఖాన తిరుగుళ్లతో సాధన సాగలేదు. మళ్లీ అందరం కలిసింది రికార్డింగ్ రోజునే. చార్మినార్ వెనక సందుల్లో ఒక పాత దేవిడీ, నవాబుల కాలం నాటి బంగళా, ఎత్తైన రాతిహాలు, ఇప్పుడు పెళ్లిళ్లకు అద్దెకిస్తారు. ఆ గోడల మధ్య గొంతు బాగా తిరుగుతుందని మేడమ్ ఎంచుకుంది. పాతబస్తీలో దుకాణాలు పొద్దెక్కాక గానీ తెరవరు. షట్టర్లు లేచేదాకానే ఆ సందులో నిశ్శబ్దం. ఆ తర్వాత హారన్ల మధ్య రికార్డింగ్ మాట మరిచిపోవాలి. మర్నాడే మేడమ్ వాళ్ల ప్రయాణం. బృందం వాళ్ల గడువు కూడా ఆ రోజే.

మొదట ఎవరికీ గొంతు పెగల్లేదు. పట్టుచీరలు కట్టుకుని, చేతులు ఖాళీగా పెట్టుకుని, పెళ్లికొచ్చినవాళ్లలా నిలబడ్డారు. నాకు అర్థమైంది. సంచిలోంచి వెల్లుల్లి తీసి నేల మీద పోశాను. అందరూ చుట్టూ కూర్చున్నారు. వేళ్లు కదిలాయి, గొంతులు తెరుచుకున్నాయి.

చిన్నామె తిరిగి తిరిగి వచ్చి పక్కన ఆనుకునే చోటు దగ్గరికి వచ్చింది. గంట మోగాలి. మోగలేదు. పెద్దామె గొంతు మెల్లగా, ప్రేమగా, చిన్నామె గొంతు మీదికి జరిగిపోయింది. రెండూ వెన్నలా కలిసిపోయాయి. వినడానికి ఎంత కమ్మగా ఉందో! మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మళ్లీ పాడించింది. మళ్లీ కలిసిపోయారు. ఈసారి చిన్నామె దిగి వచ్చింది.

"నువ్వు నీ తాననే ఉండక్కా" అంది చిన్నామె.

"ఉందామనే చూస్తున్ననే. నీ గొంతు వినంగనే గటే పోతున్నది."

మళ్లీ, మళ్లీ. రికార్డింగ్ చేసే భాయ్ గడియారం చూసుకున్నాడు. సందులో ఎక్కడో మొదటి షట్టర్ గరగరమంది. మేడమ్ స్తంభం పక్కకు పోయి గోడ వైపు తిరిగి నిలబడింది. మేనేజరు సార్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఏమనుకోకు. ఇద్దరికి ఒక్క గంట కొట్లాట పెట్టరాదు? మల్ల నువ్వే కలుపుతువు."

మేడమ్‌కు కూడా ఆ మాట చెప్పాడు. ఆమె వద్దనలేదు. తల దించుకుంది. ఆమెను నేను తప్పుపట్టను. ఇన్నేళ్ల తర్వాత ఒక్క పాట పలికే రోజు, అది కళ్ల ముందే జారిపోతోంది.

నాకు ఒక్క మాట చాలు. ఆ మాట ఏదో మీకూ తెలుసు. పొద్దున చిన్నామె ఇంటి నుంచి అందరికీ ఉప్మా తెచ్చింది. దగ్గరికి పోయి, "ఉప్మాల ఉప్పు ఎవరేసిన్రే, గింత ఎక్కువైంది" అంటే చాలు. పాత గాయం రేగుతుంది. షట్టర్లు లేచే లోపల పాట అయిపోతుంది. మాట నాలుక మీద పెట్టుకునే నడిచాను.

ఇద్దరూ ఒకే గిన్నె దగ్గర కూర్చుని ఉన్నారు. చిన్నామె ఇంత ఉప్మా తీసి పెద్దామె చేతిలో పెట్టింది. ఆమె నోట్లో వేసుకునేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

"అక్కా, ఉప్పు సరిపోయిందా?"

పెద్దామె నమిలింది. మింగింది. "సరిపోయింది తియ్. ఇంకింత పెట్టు" అంది.

నా నాలుక మీది మాట మింగేశాను. ఆ మాట అడగడానికి చిన్నామెకు ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు. వెనక్కి తిరిగి మేనేజరు సార్ దగ్గరికి వచ్చాను.

"కొట్లాట పెట్టుడు నాతోని కాదు. వాళ్లిద్దరి నడుమ నేను కూసుంట. పెద్దదాని సుతి నేను గూడ పడుత."

"నీకు పాట రాదు గదమ్మా?"

"పాట రాదు సార్. జరుగుడు గూడ రాదు."

మేడమ్‌కు అది తెలుగు నుంచి ఇంగ్లీషులోకి ఎట్లా చెప్పాడో ఏమో, ఆమె కళ్లు తుడుచుకుని నా భుజం పట్టుకుని తీసుకెళ్లి ఇద్దరి మధ్య కూర్చోబెట్టింది. నేనూ ఒక వెల్లుల్లి పాయ తీసుకున్నాను.

నా జన్మలో నేను నలుగురిలో గొంతెత్తింది పని చెప్పడానికే. ఆ గొంతుతోనే పట్టుకున్నాను. పెద్దామె నా ఎడమ పక్క నుంచి నాతో కలిసింది. నా మాట వినడం ఆమెకు అలవాటే. కుడి పక్క చిన్నామె తిరగడం మొదలుపెట్టింది. దూరంగా ఉన్నంతసేపూ ఏమీ కాలేదు. దగ్గరికి వచ్చి ఆనుకుందో లేదో, అప్పుడు తెలిసింది వాళ్ల కష్టమేమిటో. అటు నుంచి ఎవరో చెయ్యి పట్టి లాగుతున్నట్టుంది. కొంచెం జరిగితే ఎంత సుఖం! దవడలు వణికాయి, చెవుల్లో తేనెటీగలు తిరిగాయి. నేను ఎదురుగా రాతిగోడలో ఒక పగులు చూస్తూ కూర్చున్నాను. బిగించి పట్టుకున్నాను. పక్కన పెద్దామె నా మోకాలిని గట్టిగా పట్టుకుంది. ఆమె కూడా జరగలేదు.

గంట మోగింది. గోడల్లోంచి, పైకప్పులోంచి, ఎవరూ పాడని ఒక శబ్దం దిగి వచ్చింది. మిగతావాళ్లందరూ దాని కింద సర్దుకుని నిలబడ్డారు. మేడమ్ చెయ్యి ఎత్తి అట్లాగే ఉంచింది, దించేదాకా ఎవరం ఊపిరి తీసుకోలేదు. దించింది. బయట వరసగా షట్టర్లు లేచాయి.

రికార్డింగ్ భాయ్ చెవుల మీది డబ్బాలు తీసి మర్యాదగానే అడిగాడు. "మేడమ్, సబ్ అచ్ఛా హై. ఏక్ అమ్మా కీ ఆవాజ్ బహుత్ కడక్ ఆరహీ. థోడా కమ్ కర్దూఁ?"

మేడమ్ వచ్చి అతని మిషన్ మీద అరచెయ్యి పెట్టింది. నా గొంతు తగ్గించే ఆలోచన అతను మానుకునేదాకా చెయ్యి తియ్యలేదు.

వాళ్లు మర్నాడు వెళ్లిపోయారు. పాట అంతకుముందే వెళ్లిపోయింది. చలికాలం నడుమ ఒక మధ్యాహ్నం మేనేజరు సార్ ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. అవతల మేడమ్. ఏదో పెద్ద హాలు, పక్క తలుపు సందులోంచి మాకు వేదిక చూపిస్తోంది. మనుషులు నిండుగా కూర్చుని ఉన్నారు, సార్ చెప్పినట్టే చప్పుడు చేయకుండా. వేదిక మీద నల్లబట్టల్లో ఆడవాళ్లు పాడుతున్నారు. మా పాటే. ఆనుకునే చోటు వచ్చింది. అంత చిన్న ఫోనులోంచి కూడా గంట మోగింది.

"మస్తు పాడుతుండ్రు గదా" అంది చిన్నామె.

పెద్దామె కళ్లు చిట్లించి చూసింది. "పాపం, గీళ్లల్ల ఎవరెవరికి మాటల్లేవో."

వంటిల్లంతా నవ్వింది. నేను కళ్లద్దాలు సర్దుకుని ఫోను దగ్గరికి తెచ్చుకున్నాను. వాళ్లు ఒకరి నడుము పట్టీని ఒకరు గట్టిగా పట్టుకుని, భుజాలు ఆనించుకుని నిలబడి పాడుతున్నారు.